ఒక్క వేలితో చూపెట్టు

మా చిన్నది కాలు నొస్తుందని మొదటిసారి చెప్పినప్పుడు నేను మిషన్ ఆపలేదు. 2025 బతుకమ్మ, ఎంగిలిపూల రోజు పొద్దున. ఇంట్లోనే ముందుగదిలో జాకెట్లు కుడతాను నేను. హన్మకొండలో మా గల్లీ ఆడవాళ్లందరికీ జాకెట్లు ఆ తొమ్మిది రోజుల్లోనే కావాలి. హుక్కులు పడాల్సినవే నలభై దాకా దండెం మీద వేలాడుతున్నాయి.

"అమ్మా, మడమ నొస్తాంది."

"ఎక్కడన్న దుంకినవా?"

"లే."

"అయితే తగ్గుతది తియ్."

దానికి తొమ్మిదేళ్లు. బడి ఉంటే ఎగ్గొట్టడానికి చెబుతోందనుకోవచ్చు. కానీ అవి దసరా సెలవులు. ఏడాదంతా ఎదురుచూసే పండుగ పెట్టుకుని ఏ పిల్లయినా ఉత్తుత్తి నొప్పి ఎందుకు చెబుతుంది? ఈ చిన్న లెక్క నాకు అప్పుడే తట్టాల్సింది.

మర్నాటి నుంచి ఎడమ కాలు మునివేళ్ల మీద నడవడం మొదలుపెట్టింది. అక్క హీల్స్ చెప్పులు చూసి అట్లా చేస్తోందనుకున్నాను. అత్తమ్మ మాత్రం దిష్టే అంది. పట్టులంగా కట్టుకుని గల్లీలో తిరిగింది కదా, అందుకేనట. ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది. నువ్వుల నూనె వెచ్చచేసి మడమ రుద్దింది, జిల్లేడాకు కాల్చి కాపడం పెట్టింది. పిల్ల గింజుకుంటుంటే కదలకుండా కాళ్లు పట్టుకున్నది నేనే. అత్తమ్మను అనడం తేలిక. కాళ్లు పట్టుకున్న చేతులు నావి.

నాలుగో రోజు ఒళ్లు కొంచెం వెచ్చగా అనిపిస్తే పారాసిటమాల్ సిరప్ తాగించి డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. ఎక్స్‌రే తీయించారు. ఆయన దాన్ని లైటు దగ్గర పెట్టి చూసి, "ఎముకకు ఏం కాలేదు. ఎదిగే పిల్లలకు మడమ నొప్పులు మామూలే. మీరు ప్రతిదానికీ ఇట్లా గాబరా పడితే పిల్లలు నాటకాలు నేర్చుకుంటరమ్మా" అని నవ్వాడు. పిల్ల అక్కడే ఉంది, నా పక్కన స్టూల్ మీద. వింది.

ఆ మాటను ఆయన అక్కడే మరిచిపోయి ఉంటాడు. నేను ఇంటికి మోసుకొచ్చాను. ఆ సాయంత్రం అది మళ్లీ ఏడిస్తే "డాక్టర్ చెప్పిండు కదా, నాటకాలు చెయ్యకు" అన్నాను. తర్వాత నాలుగు రోజులు నా బిడ్డ నొప్పి అన్న మాటే ఎత్తలేదు. సిరప్ పనిచేసిందనుకున్నాను.

సద్దుల బతుకమ్మ రోజు "నేను రాను" అంది. తంగేడు, గునుగు పేరుస్తుంటే కూడా దగ్గరికి రాలేదు, గోడకు ఆనుకుని కూర్చుంది. దాన్ని అత్తమ్మ దగ్గర వదిలి, బతుకమ్మ నెత్తిన పెట్టుకుని పద్మాక్షి గుట్టకు పోయాను. మా ఆయన డ్యూటీ మీద రామగుండంలో ఉన్నాడు. ఆడాను, పాడాను, సత్తుపిండి పంచాను. అవన్నీ గుర్తున్నాయి, అదే బాధ.

వచ్చేసరికి పదిన్నర. మూలకు ముడుచుకుని పడుకుంది, మొహం కందిపోయి ఉంది. దుప్పటి సరిచేద్దామని లాగితే అంచు కాలికి తగిలింది. అంతే, కేక పెట్టింది. అలాంటి కేక దాని నోటి నుంచి నేనెప్పుడూ వినలేదు. లైటు వేసి రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూశాను. కుడి కాలికి మడమ పైన చీలమండ వెనక చిన్న గుంట ఉంటుంది కదా, ఎడమ కాలికి ఆ గుంట పూడిపోయింది. చర్మం బిగిసి మెరుస్తోంది. వేలు పెడితే, తీసేసి పక్కన పెట్టిన ఇస్త్రీపెట్టె అడుగు తాకినట్టుంది. థర్మామీటర్‌లో 103. బాత్రూంకు పోతానని లేచి, కాలు ఆనగానే కూలబడింది. నేను పట్టుకునేలోపే మోకాళ్ల మీద పాక్కుంటూ పోవడం మొదలుపెట్టింది. వెనక్కి తిరిగి నన్ను చూసి అంది: "అమ్మా, నేను నాటకం చేస్తలేను."

ఈ ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నానేమో.

పక్కింటి అబ్బాయిని లేపాను. డిగ్రీ చదువుతున్నాడు, బండి తీశాడు. రోడ్డు నిండా డీజే, జనం, బారికేడ్లు. ఒకచోట బండి కదలనే లేదు. బండి అక్కడే పడేసి పిల్లను భుజాన వేసుకుని "అన్నా జరుగుండ్రి, అక్కా జరుగుండ్రి" అంటూ పరిగెత్తాడు. వాడి చొక్కా వెనక నుంచి పట్టుకుని నేను. వాడికి నేను జీవితాంతం ఊరికే కుట్టిపెడతానని చెప్పాను, జీన్స్ వేసుకుంటాను కదా అత్తా అంటాడు.

మొదట పోయిన ఆసుపత్రిలో నొప్పికి ఒక ఇంజెక్షన్ ఇచ్చి "పండుగ రాత్రి కదా, పెద్ద డాక్టర్ ఉండరు, పొద్దున ఓపీకి రండి" అన్నారు. పడుకునే పిల్ల కాదని వాళ్లకు కనబడుతూనే ఉంది. రెండో చోట ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. కళ్ల కింద నల్లగా, జుట్టు రేగిపోయి. వంగి నా బిడ్డ మొహంలోకి చూసి, "ఎక్కడ నొప్పి బిడ్డా? ఒక్క వేలితో చూపెట్టు" అంది.

చూపించింది. మడమకు బయటివైపు, రూపాయి బిళ్లంత చోటు. తొమ్మిది రోజులుగా నేను అడగని ప్రశ్న అది.

తర్వాత ఆమె నన్ను అడిగింది: ఈ మధ్య ఒంటి మీద గడ్డలు, పుండ్లు ఏమైనా వచ్చాయా? మోకాలి కింద సెగగడ్డ లేచింది, సెలవులకు ముందు. నేనే పిండాను. అట్లాంటి చోటు నుంచి క్రిములు రక్తంలో కలిసి ఎముకలో దిగుతాయని, చాలాసార్లు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా తెలియదని చెప్పింది. ఎముకలో చీము పట్టే ఈ జబ్బును ఆస్టియోమైలైటిస్ అంటారట. పది రోజులు, రెండు వారాల దాకా ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చట. నేను మాత్రం ఎక్స్‌రే బాగుందంటే కాలు బాగుందనే అనుకున్నాను.

మిగతావి గబగబా జరిగాయి. రక్త పరీక్షలో, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ పది లోపు ఉండాల్సింది 140 ఉంది. కల్చర్‌కు అంటే ఏ క్రిమో తేల్చే పరీక్షకు రక్తం తీసుకుని ఆ రాత్రే సెలైన్‌లో యాంటీబయాటిక్ పెట్టారు. మర్నాడు ఎంఆర్ఐ, ఆ మర్నాడు ఆపరేషన్ చేసి చీము కడిగారు. కల్చర్‌లో స్టెఫైలోకాకస్ అనే క్రిమి వచ్చింది, పిల్లల్లో ఎక్కువగా ఇదేనట. పదకొండు రాత్రులు ఆసుపత్రిలో, తర్వాత ఇంట్లో మాత్రలు, మొత్తం ఆరు వారాలు. చిట్టీ ఎత్తుకున్నాం, నా గొలుసు బ్యాంకుకు పోయింది. సూది గుచ్చిన ప్రతిసారీ నరం దొరక్క అది ఏడుస్తుంటే, కేరళ నుంచి వచ్చిన సిస్టర్ ఒకామె వచ్చీరాని తెలుగులో "అయిపోయింది బంగారం, అయిపోయింది" అనేది. పేరు కూడా అడగలేదు నేను.

అత్తమ్మ మీద నా కోపం ఆ పదకొండు రాత్రులు ఎటు పోవాలో తెలియక తిరిగింది. ఎందుకంటే మంచం పక్కన కటిక నేల మీద పడుకున్నది ఆమె. మేడారం సమ్మక్కకు నిలువెత్తు బంగారం, అంటే పిల్ల తూకమంత బెల్లం, మొక్కింది కూడా ఆమే.

మొదటి డాక్టర్‌ను మాత్రం వదలదలచుకోలేదు. కుట్లు తీసిన వారానికి ఫైలంతా చంకన పెట్టుకుని, ఏమనాలో దారిపొడవునా కూడబలుక్కుని పోయాను. ఆయన కాగితాలన్నీ చదివాడు. మొహం మారింది. కొంచెంసేపు ఆగి, "ఆ రోజు జ్వరం ఉందని మీరు చెప్పలేదమ్మా" అన్నాడు.

నిజమే. సిరప్ పోసి తీసుకుపోయాను, అక్కడికి చేరేసరికి ఒళ్లు చల్లబడింది, ఆ మాటే ఎత్తలేదు. కానీ ఆయన కూడా అడగలేదు. ఎడమ మడమను వేలితో నొక్కి చూడనైనా లేదు. ఈ రెండిట్లో ఏది ఎక్కువ తప్పో ఇప్పటికీ నాకు తేలలేదు. "నాటకాలు" అన్న మాట గురించి అడుగుదామనుకున్నది మాత్రం గొంతులోనే ఉండిపోయింది.

జాకెట్లకు వచ్చే తల్లులకు ఇప్పుడు కొలతలతో పాటు ఇదీ చెబుతున్నాను, విన్నా వినకపోయినా. ఎదిగేటప్పుడు వచ్చే నొప్పులు రెండు కాళ్లకూ వస్తాయి, పిక్కల్లో, తొడల్లో, పొద్దుగూకాక. తెల్లారితే పిల్ల మామూలుగా ఉరుకుతుంది. బాగా ఆడే పిల్లలకు మడమలు నొస్తాయి, అదీ నిజమే, ఆట మానితే తగ్గుతుంది, జ్వరం రాదు. ఒక్క కాలే, ఒక్క చోటే నొప్పి అంటున్నా, పొద్దున లేవగానే కుంటుతున్నా, వాచి వేడిగా ఉన్నా, జ్వరం తోడైనా ఆగొద్దు. కాలు కింద పెట్టనంటే ఆ రోజే పోవాలి. రుద్దొద్దు. ఇచ్చిన సిరప్ సంగతి, వచ్చిన జ్వరం సంగతి డాక్టర్‌కు అడగకపోయినా చెప్పండి. ఇంకొన్ని రోజులు ఆగి ఉంటే ఎముక పెరిగే చోటే దెబ్బతినేదని ఆ డాక్టరమ్మ అంది.

2026 జనవరి చివర్లో మేడారం పోయాం. ఆసుపత్రిలో ఇరవై ఒక్క కిలోలకు పడిపోయిన పిల్ల అప్పటికి ఇరవై ఐదైంది. "గప్పటి తూకం పెడితే తల్లి ఊకుంటదా?" అని అత్తమ్మ పట్టుబట్టి ఇరవై ఐదు కిలోల బెల్లమే తూయించింది. జంపన్నవాగులో మునిగి, గద్దెల దాకా జనంలో నడిచి, మళ్లీ బస్సు దాకా నడిచాం. రాత్రి బస్సులో నా మీద ఒరిగి, "అమ్మా, కాళ్లు నొస్తున్నయ్" అంది.

నా నిద్రంతా ఎగిరిపోయింది. "ఎక్కడ? ఒక్క వేలితో చూపెట్టు."

అది విసుక్కుని రెండు అరచేతులతో రెండు పిక్కలూ రుద్దుకుంది. "గిదంత. నడిపిచ్చినవు కదా."