‘ఏం లేదండీ’ అనే బీపీ పేషెంట్లను నేను అడిగే తీరు

మారతహళ్లి క్లినిక్‌లో బీపీ ఫాలోఅప్ నాది. "మాత్రలతో ఇబ్బందేమైనా ఉందా?" అంటే మనవాళ్లు "ఏం లేదండీ" అనేస్తారు. అందుకే ఆ ప్రశ్న మానేశాను. మాత్రల షీట్లు బల్ల మీద పెట్టించి, ఏ మాత్రకు ఆ ప్రశ్న వేస్తాను.

ఆమ్లోడిపిన్ కనిపిస్తే చెప్పులు విప్పమంటాను. చీలమండకు కాస్త పైన, ఎముక మీద బొటనవేలితో కొన్ని సెకన్లు నొక్కి తీస్తే గుంట అలాగే నిలుస్తుందా అని చూస్తాను. డోసు 5 నుంచి 10 మి.గ్రా.కి పెంచాక ఈ వాపు ఎక్కువ. రాత్రి పడుకుంటే తగ్గి సాయంత్రానికి మళ్లీ వస్తుంది. పొద్దున్నే వచ్చినవాళ్లను "చెప్పుల పట్టీ సాయంత్రం బిగుస్తోందా?" అని అడగాల్సిందే. సన్నని రక్తనాళాలు సడలి నీరు బయటికి ఊరడం వల్ల వచ్చే వాపు ఇది. మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర వేసినా పెద్దగా లొంగదు. డాక్టరు డోసు తగ్గిస్తారు, లేదా టెల్మిసార్టాన్ లాంటి మరో బీపీ మాత్ర జోడిస్తారు. ఆయాసం కూడా ఉంటే లెక్క వేరు, గుండె, కిడ్నీ చూడాలి.

రామిప్రిల్ అయితే పొడిదగ్గు. నెలల తర్వాత కూడా మొదలవుతుంది. పాపం, బెంగళూరు దుమ్మును తిట్టుకుంటూ సిరప్‌లు తాగుతుంటారు! పెదవులో నాలుకో వాస్తే మాత్రం నేరుగా ఎమర్జెన్సీకే.

రామిప్రిల్ అయినా టెల్మిసార్టాన్ అయినా, మొదలుపెట్టిన 1–2 వారాలకు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), పొటాషియం పరీక్షలు చేయిస్తాం. క్రియాటినిన్ 30 శాతం లోపు పెరిగితే సాధారణంగా మాత్ర ఆపరు. పొటాషియం 5.5 దాటితే రెండు అడుగుతాను: రోజూ కొబ్బరినీళ్లా? వంటలో లో-సోడియం ఉప్పా? ఆ ఉప్పులో సోడియం తగ్గించి కలిపేది పొటాషియమే. రక్తం తీసేటప్పుడు పిడికిలి పదేపదే బిగించినా అంకె దొంగగా పెరుగుతుంది. అలాగని లాబ్ తప్పని వదిలేయం. అదే రోజు ఈసీజీ తీసి మళ్లీ రక్తం పంపుతాం.

పెద్దవాళ్లకు 5 నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూసి, లేచి నిలబడ్డాక 1, 3 నిమిషాలకు మళ్లీ చూస్తాను. పై అంకె 20 పడితే బాత్రూంలో తూలే మనిషే. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే క్లోర్‌థాలిడోన్ వాడుతూ మగతగా, తికమకగా ఉంటే సోడియం చూడాలి.

గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్‌కు పల్స్ నిండా నిమిషం లెక్కపెడతాను. 50 కన్నా తగ్గినా, కళ్లు తిరిగినా డాక్టరుకు ఫోన్. ఇన్సులిన్ వాడేవాళ్లకు షుగర్ పడిపోయినప్పుడు గుండెదడ తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుందని చెబుతాను. ఈ మాత్ర ఉన్నట్టుండి ఆపితే బీపీ, పల్స్ ఎగబాకుతాయి, గుండె జబ్బున్నవాళ్లకు నొప్పి కూడా రావచ్చు. అందుకే సంక్రాంతి ముందు నా ఆఖరి ప్రశ్న: "ఊరికి ఎన్ని రోజులు? షీటులో ఎన్ని మిగిలాయి?"