మునక ముందే ఉక్కపోత

మా గ్యాంగ్ సొంతంగా కట్టిన ఒంటిమనిషి సబ్‌మెరైన్‌లో నిన్న కూర్చున్నా. అసలు నరకం మునగకముందే, ఎండలో తేలుతూ ఉన్నప్పుడే, ఎందుకంటే నెత్తిమీది యాక్రిలిక్ డోమ్ ఎండని లోపలికి రానిస్తుంది, వేడిని మాత్రం బయటికి పోనివ్వదు. డోమ్ మీద తడి తెల్లగుడ్డ కప్పితే ప్రాణం లేచొచ్చింది.

మునిగాక ఇనప గోడ చల్లబడుతుంది, నిజమే, కానీ ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచే దాదాపు 100 వాట్ల వేడి వస్తుంది, పైగా మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకునే సోడా లైమ్ కూడా వేడెక్కి చెమ్మ వదులుతుంది. చిన్న ఫ్యాన్‌తో గాలిని గోడకి తగిలేలా తిప్పాం. గాలిలోని చెమ్మ చల్లటి గోడంతా నీటి చుక్కలు కట్టి, ధారగా అడుక్కి కారిపోతుంటే, మెడ మీద చెమట ఆరడం తెలిసింది! ఏసీ కోసం బ్యాటరీ తగలేయడం కన్నా చుట్టూ ఉన్న చెరువునే వాడుకోవడం మేలని నా గట్టి నమ్మకం. ఈసారి ఫ్యాన్ కాళ్ల దగ్గర పెడతాం.