మా అమ్మాయి రేడియో విప్పింది

మా అమ్మాయి మంచం పక్కన ఉండే రేడియో గడియారంలో, గీతగీతగా వెలిగే అంకెల్లో, గంటల అంకెకు పైగీత వెలగడం మానేసింది. పైగీత లేని ఏడంటే ఒకటే కదా. పొద్దున్న ఏడూ పదికి అలారం మోగితే, ఆ పిల్ల ఒక కన్ను తెరిచి చూసి, ఒంటిగంటా పదే అయిందనుకుని దాని నెత్తిన ఒకటి కొట్టి మళ్ళీ ముసుగు తన్నేది. మావారు మామూలుగా అనే మాటే అన్నారు: "ఇరవై యూరోలు పారేస్తే కొత్తది వస్తుంది. దీనికోసం ఇంత టెన్షన్ ఎందుకు?"

ఆ రేడియోకి మా ఇంట్లో కొంచెం చరిత్ర ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కాపురం పెట్టిన కొత్తలో, మైన్ నది ఒడ్డున శనివారాలు జరిగే పాత సామాన్ల సంతలో కొన్నాం. అది పారబోతకి దగ్గరగా వెళ్ళి బయటపడటం కూడా ఇది మొదటిసారి కాదు. 2018 జనవరి మధ్య నుంచి మార్చి మొదటి వారం దాకా అది మెల్లమెల్లగా వెనకబడి, ఆఖరికి ఆరు నిమిషాలు తేడా వచ్చింది. ముసలిదైపోయిందని మేం తీర్మానించేలోపు పేపర్లో వార్త వచ్చింది. యూరప్‌లో పాతిక దేశాల్లో ఇలాంటి గడియారాలన్నీ ఆరు నిమిషాలు వెనకబడ్డాయట.

కారణం తమాషాగా ఉంటుంది. ఈ రకం గడియారాల్లో టైముని లెక్కపెట్టే క్వార్ట్జ్ స్ఫటికం ఉండదు. గోడలోంచి వచ్చే కరెంటు సెకనుకి యాభైసార్లు ఊగుతుందన్న నమ్మకంతో, ఆ ఊపుల్నే లెక్కపెట్టుకుంటూ పోతాయి. సెర్బియా, కొసోవోల మధ్య పేచీ వచ్చి, ఈ దేశాలన్నిటినీ కలిపే గ్రిడ్‌లో పడాల్సిన కరెంటు పడక, యాభై కాస్తా సగటున 49.996 అయింది. తేడా ఏపాటిదని తీసిపారేయడానికి లేదు, అదే వారాల తరబడి పోగుపడి ఆరు నిమిషాలైంది. అప్పటికి మా అమ్మాయి చిన్న క్లాసు. ఓ రోజు బడికి ఆలస్యంగా వెళ్ళి టీచరుతో "మేం లేటు కాదు, సెర్బియా లేటు" అందట. (మా అన్నయ్య డాలస్‌లో ఉంటాడు. ఇదే గడియారాన్ని సరైన వోల్టేజీ చూసుకుని అక్కడ పెట్టినా, లోపల మార్పు చెయ్యకపోతే గంటకి పన్నెండు నిమిషాలు ముందుకి పరిగెత్తుతుంది. వాళ్ళ కరెంటు అరవైసార్లు ఊగుతుంది మరి.)

అలా మా ఇంట్లో ఒకసారి నిర్దోషిగా తేలిన వస్తువు కాబట్టి, పైగీత పోయిందని పారేయడానికి మా అమ్మాయి ఒప్పుకోలేదు. ఇప్పుడు తొమ్మిదో తరగతి. తనే వెతికి, మా పేటలో నెలకోసారి జరిగే రిపేర్ కాఫేకి నన్ను లాక్కెళ్ళింది. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టినే పోస్ట్‌మా అనే ఆవిడ మొదలుపెట్టిన పద్ధతి ఇది. జర్మనీలో ఇప్పుడు ఏ ఊళ్ళో చూసినా కనబడుతుంది. చర్చి హాల్లోనో, కమ్యూనిటీ సెంటర్లోనో నాలుగు బల్లలు వేస్తారు. పాడైన సామాను మనం పట్టుకెళ్తే, పని తెలిసినవాళ్ళు పక్కన కూర్చుని మనచేత బాగుచేయిస్తారు. డబ్బు అడగరు, ఒక డబ్బా పెడతారు, తోచింది వెయ్యొచ్చు. కేకూ కాఫీ ఉంటాయి. ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి, ఏదన్నా తగలబడితే వాళ్ళ పూచీ లేదని. ఆ కాగితం లేకుండా జర్మనీలో ఏ పనీ మొదలవదు.

మాకు దొరికింది జన్మంతా రేడియోలూ టీవీలూ బాగుచేసి రిటైరైన పెద్దాయన. రేడియోని బల్ల మీద బోర్లించి మూడు మరలు తీసి, నాలుగోది కనబడకపోతే కింది లేబుల్ని గోటితో తడిమాడు. దాని కిందే ఉంది. మూత తీయగానే ముందు చూసింది ఒక్కటే, గోడ కరెంటుని తగ్గించి లోపలి తీగల నుంచి వేరుగా ఉంచే ట్రాన్స్‌ఫార్మర్ ఉందా లేదా అని. ఉంటే, ప్లగ్గు పీకి ఉంచినంతసేపూ ధైర్యంగా పని చేసుకోవచ్చన్నాడు. కొన్ని చవక రకాల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, కెపాసిటర్ అనే చిన్న విడిభాగంతోనే 230 వోల్టుల్ని తగ్గించుకుంటారు. అలాంటివాటిలో ఏ తీగ ముట్టుకున్నా గోడ కరెంటుని ముట్టుకున్నట్టే. అది కనబడితే మూత మళ్ళీ బిగించెయ్యమని, మా అమ్మాయి చేత రెండుసార్లు చెప్పించాడు.

తరవాత ఆయన ఏదీ ముట్టుకోలేదు. కాగితం, పెన్సిలు ఇచ్చి "ఏమేం వెలగట్లేదో రాసుకో" అన్నాడు. మా అమ్మాయి మళ్ళీ ప్లగ్గు పెట్టి, చేతులు దూరంగా ఉంచి, బొత్తాలు నొక్కుతూ సున్నా గంటల నుంచి ఇరవైమూడు యాభైతొమ్మిది దాకా తిప్పింది. గంటల అంకెలో పైగీత పోయిందని తెలుసు. నిమిషాల్లో పదుల స్థానంలో అడుగుగీత కూడా వెలగట్లేదని అప్పుడు బయటపడింది. ఇన్నాళ్ళూ మా కళ్ళకి ఆనలేదు.

ఇక్కడ నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. బోర్డు నుంచి అంకెల పలకకి ఒక చదునైన తీగల పట్టీ వెళ్తోంది. అందులో తీగలు లెక్కపెడితే గీతల సంఖ్య కంటే బాగా తక్కువున్నాయి. ఇదెలా అని మా అమ్మాయి అడిగింది. కరెంటు పైకి ఊగినప్పుడు సగం గీతలు, కిందికి ఊగినప్పుడు తక్కిన సగం వెలుగుతాయన్నాడు. సెకనుకి యాభైసార్లు ఆరి వెలుగుతుంటే కంటికి అన్నీ వెలుగుతున్నట్టే ఉంటుంది. అంచేత ఒకే తీగ రెండు గీతల్ని మోయొచ్చు. ఆ మాట పూర్తిగా వినకుండానే నా వైపు తిరిగి తెలుగులో అంది: "అమ్మా, పోయినవి రెండు గీతలు, తెగింది ఒక్క తీగే."

అదే ఆయనకి జర్మన్‌లో చెప్పింది. "ఫరవాలేదు" అన్నాడు. ఈ దేశంలో పెద్దవాళ్ళ నోట అంతకుమించిన మెచ్చుకోలు నేను వినలేదు. టంకం పెట్టే ఐరన్ దాని చేతికి ఇచ్చేశాడు.

పట్టీ మడత పడేచోట, టంకం అంచునే తీగ విరిగింది. చివర కాస్త ఒలిచి, పోగుల్ని మెలిపెట్టి, మళ్ళీ అతికించాలి. మొదటిసారి టంకం ముద్దగా, బూడిదరంగులో నిలబడిపోయింది. తీసెయ్యమన్నాడు. అల్లిన రాగి పట్టీతో పీల్చి, ముందు తీగనీ బోర్డునీ వేడిచేసి, ఆ వేడికి టంకం తనే కరిగి పరుచుకునేలా పెట్టాలట. రెండోసారి మెరుస్తూ కూర్చుంది. ఏడు మళ్ళీ ఏడైంది.

వచ్చాం కదా అని మిగతా రోగాలూ చూశాం. వాల్యూమ్ తిప్పితే గరగరమనేది. బొత్తం లోపలికి కాంటాక్ట్ క్లీనర్ చుక్క కొట్టి, ఇటూ అటూ బాగా తిప్పితే పోయింది. తలుపు బందులకి కొట్టే నూనె స్ప్రే మాత్రం వాడకూడదట. పాట వెనక సన్నగా జుయ్యిమనే మోతకి కారణం ఎండిపోయిన కెపాసిటర్. ప్లస్సూ మైనస్సూ చూసుకుని కొత్తది పెట్టాలి. ఆయన సొరుగులోంచి ఒకటి తీసి ఇచ్చాడు. పెద్ద ఖరీదుండదు.

ఇంకొకటి మిగిలింది. అడుగున తొమ్మిది వోల్టుల బ్యాటరీ పెట్టే గూడు. అందులో ఎప్పటిదో బ్యాటరీ కారి తెల్లగా పొరకట్టి ఉంది. వెనిగర్‌తో తుడుస్తూ అడిగింది, గోడ కరెంటు ఉండగా దీనికి బ్యాటరీ ఎందుకని. ఆ రోజు అక్కడ నేను జవాబు చెప్పగలిగిన ప్రశ్న అదొక్కటే. "కరెంటు పోతే టైం పోకుండా." కరెంటు పోవడం మా అమ్మాయికి వేసవి సెలవుల్లో మా పుట్టిల్లు తెనాలిలో మాత్రమే తెలుసు.

నేను ఈసీఈలో బీటెక్ చదివాను. కాలేజీ ల్యాబ్‌లో బ్రెడ్‌బోర్డు మీద సర్క్యూట్లు కట్టి మార్కులూ తెచ్చుకున్నాను. ఇంట్లో రేడియో మూత మాత్రం ఒక్కనాడూ తియ్యలేదు. తియ్యనివ్వలేదు కూడా. "ముట్టుకోకు, షాక్ కొడుతుంది" అన్నది అమ్మమ్మలూ అమ్మలూ అందరూ వాడిన ఒకే మంత్రం. పాడైతే నాన్న దాన్ని తువ్వాల్లో చుట్టి బోసు రోడ్డులో మెకానిక్ కొట్టుకి తీసుకెళ్ళేవారు. అందరూ ఆ మెకానిక్‌ని "రేడియో అబ్బాయి" అనేవారు, జుట్టు నెరిశాక కూడా. కొట్టు బల్ల అవతల ఆయన ఐరన్ పొగలో తల వంచుకుని ఉంటే ఇవతల మేం నిలబడి "ఎప్పటికిస్తావోయ్" అని అడగడమే. ఆయన ఏం చేశాడో ఎవరూ అడిగింది లేదు, ఆయన చెప్పిందీ లేదు.

ఇక్కడ పిల్లలకి మనం గొప్పగా చెబుతుంటాం, మన దగ్గర ఏదీ పారేయం, చిరిగితే కుట్టించుకుంటాం, విరిగితే అతికించుకుంటాం అని. నిజమే. కానీ ఆ వాక్యంలో "కుట్టించుకుంటాం" అనే దగ్గర మన చెయ్యి ఎక్కడుందో నాకు ఈ మధ్యే గుచ్చుకోవడం మొదలైంది. పారేయకపోవడం మనది, బాగుచెయ్యడం మాత్రం ఎప్పుడూ ఇంకొకరి పని. ఆ ఇంకొకరిని మనం హాల్లో కూర్చోబెట్టలేదు. మా అమ్మాయికి పారేయబుద్ధి కాకపోవడం తెనాలి నుంచి వచ్చిందనుకుంటే, మరలు విప్పే ధైర్యం మాత్రం ఈ దేశమే ఇచ్చింది. ఆ రెండోది నేను నేర్పానని చెప్పుకోవడానికి నాకు మొహం చెల్లదు.

ఇంటికొచ్చాక అది బ్యాండు మీట మీడియం వేవ్‌కి తిప్పి చూసింది. పగలు వట్టి గుయ్యిమనే చప్పుడు. జర్మన్ రేడియోలు 2015 ఆఖరుకల్లా మీడియం వేవ్‌ని దాదాపు వదిలేశాయి. రాత్రయితే మాత్రం ఎక్కడెక్కడివో దూరపు గొంతులు వస్తాయి, ఓ రాత్రి స్పానిష్ విన్నాం. డయల్ మీద 837 దగ్గర వేలు పెట్టి, ఇది విజయవాడ కేంద్రం ఉండే చోటు అని చూపించాను. అది ఇంత దూరం రాదని తెలిసీ ఇద్దరం కాసేపు విన్నాం. చిన్నప్పుడు తెనాలిలో మా ఇంట్లో రేడియో పక్కన వేరే గడియారం అక్కర్లేకపోయేది. భక్తిరంజని వస్తుంటే వాకిట్లో ముగ్గు, ఆరూ యాభైఐదుకి "ఇయం ఆకాశవాణీ, సంప్రతి వార్తాః శ్రూయంతామ్" అని సంస్కృత వార్తలు మొదలైతే నేనింకా మంచం మీదున్నందుకు తిట్లు. మా అమ్మాయికి ఈ సంగతి భలే నచ్చింది. ఒక్క బొత్తమైనా నొక్కకుండా లేపే అలారం అంది.

తొమ్మిదో తరగతి పిల్లలు ఇక్కడ రెండు వారాలు బడి మానేసి ఏదో ఒకచోట పనికి వెళ్ళాలి. మన తెలుగువాళ్ళ పిల్లలు తెలిసినవాళ్ళ ద్వారా ఏ బ్యాంకుకో, ఐటీ కంపెనీకో వెళ్తారు. ఇది మా పేటలోనే ఉన్న చిన్న రేడియో టీవీ వర్క్‌షాపుకి తనే దరఖాస్తు రాసి, వాళ్ళు రమ్మన్నాకే మాకు చెప్పింది. మావారు ఆ రాత్రి ఎక్కువ మాట్లాడలేదు. హైదరాబాద్ నుంచి మా వదిన మాత్రం దాచుకోలేదు: "అంత దూరం వెళ్ళి పిల్లకి రేడియోలు బాగుచెయ్యడం నేర్పిస్తారా?"

నవ్వేశాను గానీ, నాకూ లోపల బెరుకుంది. ఇక్కడ నాలుగో తరగతితోనే పిల్లల్ని ఏ రకం బడికి పంపాలో తేలుస్తారు. ఆ ఏడాది తెలుగు తల్లులం ఎవరం నిద్రపోయాం? యూనివర్సిటీ చదువుకి దారితీసే గిమ్నాసియం బడిలో సీటొచ్చిందని స్వీట్లు పంచిందాన్ని నేను. ఇదేమో ఆ పనికి మూడున్నరేళ్ళ శిక్షణ ఉంటుందనీ, నేర్చుకుంటూనే జీతం ఇస్తారనీ లెక్క చెబుతోంది. ఆ లెక్క తప్పు కాదు. దాన్ని మా వాళ్ళ ముందు గట్టిగా చెప్పే ధైర్యం నాకింకా రాలేదు, యూనివర్సిటీకి వెళ్ళాలన్న మాట దాని ముందు గట్టిగా అనే ధైర్యమూ లేదు. పదో తరగతి దాకా టైముందని ఇంట్లో అందరం అనుకుంటున్నాం.

మొన్న ఆదివారం తెనాలికి వీడియో కాల్ చేసి తాతయ్యకి రేడియో చూపించింది. ఆయన మొదట అడిగింది ఎంత తీసుకున్నారని. ఊరికే అంటే నమ్మలేదు. తరవాత, బీరువా మీద తన ట్రాన్సిస్టర్ మూగబోయి ఉందని, బోసు రోడ్డు కొట్లో ఇప్పుడు సెల్‌ఫోన్లే అమ్ముతున్నారని చెప్పారు. అంతే, ఇది ప్రశ్నలు మొదలుపెట్టింది. "తాతయ్యా, కరెంటు మీద నడిచేదా, సెల్స్ మీదా? సెల్స్ తీసేశారా, లోపలే ఉండిపోయాయా? ఆన్ చేస్తే టక్ మని చప్పుడొస్తుందా?" సెల్సేనట, లోపలే ఉన్నాయట, టక్ మంటుందట. "అయితే స్పీకర్ దాకా ఏదో వస్తోంది. వెనక మూత తీసి చూపించండి" అంది. ఆయన బీరువా మీది నుంచి దాన్ని దించి, స్క్రూడ్రైవర్ కోసం లేచారు.

వెనక నుంచి అమ్మ గొంతు వినబడింది. "ఏవండీ, మీకేం పోయేకాలం, ముట్టుకోకండి, షాక్ కొడుతుంది!"

"సెల్స్ షాక్ కొట్టవు అమ్మమ్మా," అంది ఇది. "కెమెరా కొంచెం కిందికి దించమను."