మా కోరంగి, వాళ్ల కోరంగి

మాది తాళ్ళరేవు. పక్కనే ఉన్న కోరంగి మాకు ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లి మడ అడవిలో చెక్క దారి మీద తిప్పే చోటు. అక్కడ ఒకప్పుడు పెద్ద రేవు ఉండేదని, 1839 తుపాను దాన్ని తుడిచిపెట్టిందని మా తాతయ్య చెప్పేవాడు. మేం పెద్దగా పట్టించుకోలేదు.

మొన్న మారిషస్ వెళ్లినప్పుడు ఆ పేరే నన్ను ఆపేసింది.

రాజధాని పోర్ట్ లూయీలో ముందుగా చూసింది అప్రవాసీ ఘాట్. 1849లో కట్టిన ఈ రాతి డిపోలోకి సముద్రం వైపు నుంచి పదహారు మెట్లున్నాయి. మన దేశం నుంచి వచ్చి ఓడ దిగిన కూలీలు వాటి మీదుగా వచ్చి, ఇక్కడే ఒకటి రెండు రోజులుండి, తోటలకు వెళ్లేవారు. 1834 నుంచి 1920 దాకా దాదాపు అయిదు లక్షల మంది ఇలా వచ్చారు. మెట్లు ఇరుకు. వాటి ముందు చాలాసేపు నిలబడ్డాను.

ఈ దీవికి ఆదివాసులంటూ లేరు. 1598లో డచ్చివాళ్లు దిగేనాటికి ఇక్కడ మనుషులే లేరు. తర్వాత ఫ్రెంచివాళ్లు ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి బానిసల్ని తెచ్చి చెరకు వేయించారు. 1810లో దీవి బ్రిటిష్ వాళ్ల చేతికొచ్చింది. 1835లో బానిసత్వం రద్దు చేసినప్పుడు నష్టపరిహారం యజమానులకే ఇచ్చారు. కొరడా దెబ్బలు తిన్నవాళ్లకు ఏమీ లేదు. ఆ సంగతి చదివితే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. మర్నాడు ల మోర్న్ కొండ చూశాను. పారిపోయిన బానిసలు దాక్కున్న కొండ అది. వాళ్లు ఏ తోటల నుంచి పారిపోయారో, మనవాళ్లు అలాంటి తోటలకే వచ్చి చేరారు.

ఎందుకొచ్చారంటే, గుంటూరు వైపు 1832-33లో నందన కరువు. ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. ఇంగ్లండు మిల్లు బట్ట దిగి గోదావరి నేతగాళ్ల మగ్గాలు మూలపడ్డాయి. పంట ఎలా ఉన్నా కంపెనీకి శిస్తు కట్టాల్సిందే. అలాంటప్పుడు కూలీల్ని కుదిర్చే మేస్త్రీ వచ్చి అయిదేళ్ల ఒప్పందం, నెలకు అయిదు రూపాయలు అంటే ఎవరు కాదంటారు? ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోస్తారని మాత్రం ఓడ ఎక్కేముందు ఎవరూ చెప్పి ఉండరు.

మారిషస్‌లోనే మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలసదారుల పాత రిజిస్టర్లున్నాయి. ప్రతి మనిషికీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, ఊరు, ఒంటి మీద గుర్తులు. ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్న పేర్లు. మనకు ఇంటిపేరు ముందుంటుంది. అక్కడ అప్పన్న అనే ముత్తాత పేరే వంశానికంతటికీ ఇంటిపేరై చివర్న చేరింది. అసలు ఇంటిపేరు ఆ గుమాస్తా బల్ల దగ్గరే పోయింది.

ఆ సాయంత్రం ఒక పల్లెలో రామభజన. దీపం చుట్టూ తిరుగుతూ పాడుతున్నారు. పాట తెలుగు, మధ్యలో మాటలన్నీ అక్కడి వాడుక భాష క్రియోల్. ఒక కుర్రాడి చేతిలో కాగితం ఉంది. తెలుగు పాటని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. పక్కన కూర్చున్న ముసలావిడ నన్ను ఎక్కణ్ణుంచని అడిగింది. మనవడు తిప్పి చెప్పాడు. "కోరంగి దగ్గర, అమ్మమ్మా" అన్నాను.

ఆవిడ గుండె మీద చెయ్యి పెట్టుకుని, "మేం కోరంగీలం" అంది, తెలుగులోనే.

ఆ రేవు నుంచి వచ్చిన తెలుగువాళ్లందరికీ ఇక్కడ పడిన పేరట అది. వాళ్ల ఊరు శ్రీకాకుళమో, విశాఖో, గోదావరో ఆవిడకు తెలియదు. రేవు పేరొక్కటే మిగిలింది. నా ఫోన్‌లో మడ అడవి ఫొటోలుంటే చూపించాను. ఆవిడ ఒక్కొక్కటీ దగ్గరగా పట్టుకుని చూసి, మనవడితో ఏదో అంది.

"ఇందులో ఓడ ఎక్కడ ఆగేదని అడుగుతోంది" అన్నాడు.

చెట్లు, బురద, చెక్క దారి. ఎక్కడని చూపించను? ఇంటికెళ్లగానే ఆ చోటు కనుక్కుని ఫొటో తీసి పంపుతానని చెప్పి, మనవడి నంబరు రాసుకున్నాను.