ఫిలడెల్ఫియాలో ఓ పొట్టి బిషప్ దగ్గరికి

ఫిలడెల్ఫియా వెళ్ళే మనవాళ్ళు లిబర్టీ బెల్ చూసి, ఫొటోలు దిగి, సాయంత్రానికి న్యూజెర్సీ వచ్చేస్తారు. మేమూ అంతే చేసేవాళ్ళం గానీ, గుంటూరు నుంచి వచ్చిన అమ్మ పునీత (సెయింట్) జాన్ న్యూమన్ గుడికి తీసుకెళ్ళాల్సిందేనని పట్టుబట్టింది. (ఇంగ్లాండ్ కార్డినల్ న్యూమన్ వేరు, ఈయన వేరు.)

ఐదో వీధి, గిరార్డ్ అవెన్యూ కలిసేచోట సెయింట్ పీటర్స్ గుడి. మెట్లు దిగి కింది గుడిలోకి వెళితే, బలిపీఠం కింద అద్దాల పెట్టెలో బిషప్ దుస్తులతో ఆయన భౌతికకాయం. ముఖానికి మైనపు తొడుగు. "ఇంత చిన్న మనిషా!" అంది అమ్మ, కాస్త గట్టిగానే. నిజమే, ఐదడుగుల చిల్లర.

1811లో బొహీమియాలో పుట్టాడు, అంటే ఇప్పటి చెక్ దేశం. అక్కడ గురువులు (అంటే ఫాదర్లు) ఎక్కువైపోయారని బిషప్ కొత్తవాళ్ళకి గురుపట్టం ఇవ్వడం ఆపేస్తే, చదువు పూర్తిచేసిన కుర్రాడు పట్టం లేకుండానే అమెరికా ఓడెక్కేశాడు. ఇక్కడేమో గురువుల్లేక అల్లాడుతున్నారు. న్యూయార్క్ బిషప్ డుబ్వా, ఆయనా ఫ్రాన్స్ నుంచి వలస వచ్చినవాడే, 1836 జూన్ 25న గురుపట్టం ఇచ్చి బఫెలో వైపు అడవుల్లో ఉండే జర్మన్ కుటుంబాల దగ్గరికి పంపాడు. తర్వాత రిడెంప్టరిస్టులనే సన్యాస సభలో చేరి, 1848లో అమెరికా పౌరుడయ్యాడు. పన్నెండేళ్ళకే! నా గ్రీన్‌కార్డ్ లైను సంగతి ఇక్కడ ఎత్తకపోవడమే మంచిది.

1852లో ఫిలడెల్ఫియా బిషప్‌ని చేశారు. అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1844లో, వలస కాథలిక్కుల మీద కోపంతో ఇదే ఊళ్ళో రెండు గుళ్ళు తగలబెట్టారు. అలాంటి చోట ఈయన తన మేత్రాసనమంతా (బిషప్ కింద ఉండే ప్రాంతమంతా) కలిపి ఒక బడుల వ్యవస్థ పెట్టాడు, అమెరికాలో అదే మొదటిదంటారు. ఇటాలియన్లకు వేరే విచారణ, అంటే పారిష్, ఏర్పాటు చేశాడు. ఐరిష్ ముసలివాళ్ళు తమ భాషలోనే పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేసుకునేందుకు ఆ భాషా నేర్చుకున్నాడు. అద్భుతాల సంగతి అటుంచితే, నన్ను పట్టేసింది ఇదే. నేను పక్కింటి మెక్సికన్ పెద్దావిడకి స్పానిష్‌లో ఒక నమస్కారం చెప్పడం కూడా నేర్చుకోలేదు.

ఊళ్ళో పెద్దింటివాళ్ళకి మాత్రం ఈ పొట్టివాడు, ఈ యాస, పాత బట్టలు ఆనలేదు. తనకి చిన్న మేత్రాసనం చాలని ఆయనే రోముకి రాసుకున్నాడు. ఒప్పుకోలేదు, 1857లో జేమ్స్ వుడ్ అనే మాజీ బ్యాంకు ఉద్యోగిని సహాయ బిషప్‌గా పంపారు. 1860 జనవరి 5న ఏదో పనిమీద నడిచి వెళ్తూ వైన్ స్ట్రీట్‌లో కుప్పకూలిపోయాడు. 48 ఏళ్ళు. 1977లో పునీతుడిగా ప్రకటించారు.

ఆ చోటూ చూడాలంది అమ్మ. ఇప్పుడక్కడ ఎక్స్‌ప్రెస్‌వే, కారాపే వీల్లేదు. రెండు చుట్లు కొట్టి, లోగన్ సర్కిల్‌లో ఆయన హయాంలో కడుతూ ఉన్న కతీడ్రల్‌కి, అంటే బిషప్ గారి ప్రధాన గుడికి, పోయాం. కిటికీలు మరీ అంత పైనెందుకని అమ్మ అడిగింది. రాళ్ళు విసిరినా అందకుండా అని ఊళ్ళో చెప్పుకుంటారు. పని మొదలైంది 1846లో, ఆ గుళ్ళు తగలబడిన రెండేళ్ళకే మరి.