అమ్మ కోసం అద్దె కాగితం చదివిన రోజు

ఆదివారం, మారతహళ్ళి, బెంగళూరు.

వచ్చే నెల అమ్మ హిందూపురం ఇల్లు ఖాళీ చేసి, ఇక ఇక్కడే ఉండిపోవడానికి మా దగ్గరికి వస్తోంది. మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయి కాబట్టి స్నానాల గదిలో పట్టుకోవడానికి ఒక స్టీలు కడ్డీ బిగించమని మేస్త్రీని పిలిస్తే, "టైల్స్‌కు రంధ్రాలు పెట్టాలి, ఓనర్‌ను అడిగారా?" అన్నాడు. అప్పుడు బీరువాలోంచి అగ్రిమెంటు తీశాను.

మూడుసార్లు సంతకం పెట్టిన ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవడం మాత్రం ఇవాళే. ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది కాబట్టి, ఆ ఖర్చు లేకుండా అందరిలాగే మేమూ 11 నెలలకొకసారి కొత్తది రాయించుకుంటూ వచ్చాము. అందులో ఇంట్లో ఉండేది "భార్యాభర్తలు, ఒక బిడ్డ" అని ఉంది. ఓనర్ అనుమతి లేకుండా గోడలకు మేకు కూడా కొట్టకూడదని ఉంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె అడ్వాన్సులో పట్టుకుంటారని కూడా ఉంది. వాడకం వల్ల సహజంగా కలిగే అరుగుదల అద్దెదారు బాధ్యత కాదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం అంటుంది గానీ, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే ఆ రాతే చెల్లుతుంది. మేము రాసుకున్నాము.

పాత ఇంట్లో వంటగదికి అలమర కొట్టించుకోమని నోటిమాటగా ఒప్పుకున్న ఓనరే, ఖాళీ చేసిన రోజున గోడ పాడైందని అడ్వాన్సులో 18,000 రూపాయలు పట్టుకున్నారు. ఆ బాధ నాకింకా తగ్గలేదు. అందుకే సాయంత్రం మా ఆయనా నేనూ కాగితం చేతబట్టుకుని పై అంతస్తుకు వెళ్ళాము. ఈ ఓనర్‌గారికి తెలుగు బాగానే వచ్చు. మనిషి పెరిగితే నీళ్ళ ట్యాంకరు ఖర్చు పెరుగుతుందని కాసేపు ఆలోచించి, నెలకు 300 ఎక్కువ ఇవ్వమన్నారు, అది న్యాయమే అనిపించి ఒప్పుకున్నాము. "కడ్డీ పెట్టుకోండమ్మా, వెళ్ళేటప్పుడు మాత్రం పీకొద్దు, టైల్ పగులుతుంది" అన్నారు.

అది రాసి ఇవ్వమని అడగడానికి మొహమాటపడ్డాను గానీ, అడిగాను. ఆయన రెండు ప్రతుల వెనకా కన్నడంలో నాలుగు పంక్తులు రాసి, తేదీ వేసి సంతకం చేశారు. అక్షరాలు మన అక్షరాలకు దగ్గరే కాబట్టి కూడబలుక్కుని చదివి, అమ్మ పేరు సరిగ్గా ఉందని చూసుకున్నాకే మేమూ సంతకాలు పెట్టాము.

కడ్డీ ఎంత ఎత్తులో ఉండాలో ఫోనులో అడిగితే, అమ్మ పక్కింటి టైలరమ్మ చేత టేపుతో కొలిపించి చెప్పింది: 33 అంగుళాలు. మేస్త్రీ బుధవారం వస్తాడు.