గంట కొట్టిన వేళ, మనిషి వచ్చిన వేళ

మా నాన్న ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి సూర్యాపేట డిపోలో రిటైరయ్యారు. ఎడమ దవడలో పుట్టిన క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించి, ఆపైన ముప్పై సార్లు కరెంటు (రేడియేషన్) పెట్టించిన ఎనిమిది నెలలకే అది మెడ దగ్గర తిరగబెట్టింది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టరు గారు స్కాన్ రిపోర్టు పక్కన పెట్టి, "ఇక గడ్డను తగ్గించే మందు లేదమ్మా, నొప్పి లేకుండా చూసుకుందాం" అని చెప్పి పాలియేటివ్ కేర్ (బాధ తగ్గించే వైద్యం) ఓపీకి చీటీ రాసిచ్చారు. అప్పటినుంచి నాన్న పోయేదాకా దాదాపు మూడు నెలలు. ఆ మూడు నెలల్లో, ఆఖరి దశలో ఉన్నవారిని చూసుకుంటామని చెప్పే మూడు చోట్లను నేను పరీక్షగా చూడవలసి వచ్చింది. ఏది మంచిదో ఏది కాదో తేల్చుకోవడానికి మొదట నేను అడిగిన ప్రశ్నలు చాలావరకు పనికిరానివని ఇప్పుడు తెలుస్తోంది.

వెతకడం మొదలుపెట్టిన రోజే మా మేనత్త ఫోన్ చేసి, "కన్నతండ్రిని తీస్కపోయి అనాథాశ్రమంల ఏస్తవా బిడ్డా?" అని నిలదీసింది. హాస్పిస్ (ఆఖరి దశలో ఉన్నవారిని బాధ లేకుండా చూసుకునే చోటు) అన్న మాటకు మన వాడుకలో కుదురైన తెలుగు మాట లేకపోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. ఆమె మనసులో అది దిక్కులేనివాళ్లను చేర్చే చోటు. లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే డాక్టరు 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచినప్పటి నుంచి ఈ పద్ధతి ఉందనీ, మన దేశంలోనే 1986లో ముంబయిలో శాంతి అవేదన సదన్ మొదలైందనీ నేను చదివినదంతా ఆమెకు చెప్పాను. ఆమె విన్నది కానీ ఒప్పుకోలేదు. నాన్న మాత్రం పలక మీద, "ముందు పోయి చూసి రా" అని రాశారు. నోరు రెండు వేళ్ల సందుకు మించి తెరుచుకోక, మాట ముద్దగా వస్తుండటంతో అప్పటికే ఆయన మాట్లాడటం తగ్గించి రాయడం మొదలుపెట్టారు.

నేను ముందుగా చూసినది నగరానికి పడమటి వైపున్న ఒక ప్రైవేటు కేంద్రం. గాజు తలుపులు, మొక్కల కుండీలు, ఫిజియోథెరపీ గది, గోడ నిండా సర్టిఫికెట్లు. నేను కూడా ఏసీ ఉందా, భోజనం ఎక్కడి నుంచి వస్తుంది, గదికి ఎంత, మనిషి పక్కన ఉండవచ్చా అనే అడిగాను. అన్నిటికీ చక్కని జవాబులే వచ్చాయి. లేచి వచ్చేయబోతూ, ఎం.ఎన్.జె. సిస్టర్ చెప్పి పంపిన ఒక్క ప్రశ్న గుర్తొచ్చి అడిగాను: "మీ దగ్గర మార్ఫిన్ ఉంటుందా?" కౌంటర్‌లోని అమ్మాయి లోపలికి వెళ్లి అడిగి వచ్చి, "అవసరమైతే పెద్దాసుపత్రికి పంపిస్తాం మేడమ్, ఇక్కడ మామూలు నొప్పి ఇంజెక్షన్లు ఉంటాయి" అన్నది.

మార్ఫిన్ అంటే తీవ్రమైన క్యాన్సర్ నొప్పికి వాడే, నల్లమందు నుంచి తీసే మందు. ఈ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో అప్పటికి నాకు సగమే తెలుసు. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం కింద మార్ఫిన్ నిల్వ చేసుకోవాలంటే ఒకటికి నాలుగు లైసెన్సులు కావలసి వచ్చేవి; ఆ తలనొప్పికి భయపడి చాలా ఆసుపత్రులు ఆ మందునే వదిలేశాయి. 2014లో ఆ చట్టాన్ని సవరించి, రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి గుర్తింపు పొందిన వైద్యసంస్థ ఏదైనా మార్ఫిన్‌ను నిల్వ చేసి రోగులకు ఇవ్వవచ్చునని తేల్చారు. కాబట్టి క్యాన్సర్ రోగులను ఆఖరి వరకు చూసుకుంటామనే సంస్థ ఆ గుర్తింపు కూడా తెచ్చుకోలేదంటే, తీవ్రమైన నొప్పిని తన బాధ్యతగా అనుకోవడం లేదని నా లెక్క. గోడ మీది సర్టిఫికెట్లలో ఈ గుర్తింపు ఒక్కటే లేదు.

ఆ కేంద్రంలో నేను చూసిన ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఒక గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల ఒక పెద్దావిడ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. మంచం తలాపున సిస్టర్‌ను పిలిచే బెల్లు తీగను నేల తుడిచేటప్పుడు అడ్డం వస్తుందనో ఏమో, చుట్టచుట్టి ఆమె చేతికి అందనంత ఎత్తున మేకుకు తగిలించారు. మధ్యాహ్నం మూడున్నర అయింది; అన్నం పళ్లెం మూత తీయకుండా అలాగే ఉంది. ఏడాది గడిచినా ఆ తీగ చుట్ట నా కళ్లముందే ఉంది.

నాన్నకు అసలు ఇల్లు వదలడమే ఇష్టం లేదు. అందుకని రెండో ప్రయత్నంగా మా నిజాంపేట ఇంటికే మనుషులను పంపే ఒక హోమ్ కేర్ సంస్థతో మాట్లాడాను. వారానికి రెండు సార్లు నర్సు, పగలూ రాత్రీ ఒక అటెండెంట్, ఇరవై నాలుగు గంటల ఫోన్ నంబరు. డబ్బు కట్టకముందు ఒక పని చేసి ఉంటే బాగుండేది, అది కట్టిన తర్వాత చేశాను: రాత్రి పదకొండున్నరకు ఆ నంబరుకు ఫోన్ చేశాను. మూడుసార్లు మోగి ఆగిపోయింది. పొద్దున తొమ్మిదింటికి వాళ్లే చేసి, "ఏమైనా ఎమర్జెన్సీనా మేడమ్?" అని అడిగారు.

నాన్నకు అప్పుడు ఎం.ఎన్.జె.లో ఇచ్చిన పది మిల్లీగ్రాముల మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకొకటి చొప్పున నడుస్తోంది. పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పదికి రెండు మాత్రలు కలిపి. అలా వేస్తే నడిరాత్రి లేపవలసిన పని ఉండదు. మాత్రను పొడిచేసి నీళ్లలో కలిపి ముక్కు గొట్టం ద్వారా పోసేవాళ్లం. వాటితో పాటు విరేచనం సాఫీగా అవడానికి ఒక మందు తప్పనిసరి, ఎందుకంటే మార్ఫిన్ వాడే మనిషికి మలబద్ధకం రాకుండా ఉండటం అరుదు. మూడో వారంలో వచ్చిన కొత్త నర్సు మందుల డబ్బా చూసి కళ్లు పెద్దవి చేసి, "ఇది అలవాటైపోతుంది అంకుల్‌కు, ఊపిరి ఆగిపోతుంది, నొప్పి ఎక్కువైనప్పుడే వేయండి" అని చెప్పింది. నేను ఆఫీసులో ఉన్నాను. ఇంట్లో ఉన్న అటెండెంట్ ఆ మాట నమ్మి సాయంత్రం ఆరు గంటల మాత్ర ఆపేసింది. రాత్రి పదికి ఒకటే వేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ నొప్పికి మందులు వేళ ప్రకారం ఇవ్వాలని, నొప్పి వచ్చేదాకా ఆగవద్దని 1986లోనే చెప్పింది. మా ఇంట్లో ఆ రాత్రి దానికి సరిగ్గా తలకిందులుగా జరిగింది.

తెల్లవారి నాన్న తన చిన్న నోటుబుక్కు నా చేతిలో పెట్టారు. కండక్టరుగా ఉన్న రోజుల్లో ప్రతి స్టేజీ దగ్గరా లెక్క రాసిన అలవాటు ఆయన వేళ్లను వదల్లేదు. "12-10 పిలిచిన. 12-45 పిలిచిన. 1-30 ఫోన్ చేయమన్న, ఎత్తలేదట. 4-40 మాత్ర." అంతే ఉంది అందులో. మా గదికి, ఆయన గదికి మధ్య రెండు తలుపులు. రాత్రి ఏసీ చప్పుడులో నాకు ఏదీ వినబడలేదు. ఆ సంస్థను ఆ రోజే మాన్పించాను. కట్టిన డబ్బులో మిగిలినది తిరిగి రాలేదు; దాని గురించి పోట్లాడే ఓపిక అప్పుడు లేదు. ఒకవేళ ఇంట్లోనే పోతే మరణ కారణం పత్రం మీ డాక్టరు ఇస్తారా అని అంతకు ముందు అడిగితే, "మీ ఫ్యామిలీ డాక్టర్‌ను అడగండి" అన్నారు. అప్పుడే మేలుకోవలసింది.

మూడోది ఒక ధర్మసంస్థ నడిపే హాస్పిస్. పాతబడిన రెండంతస్తుల భవనం, ఇరవై నాలుగు మంచాలు, రంగు వెలిసిన కర్టెన్లు. ఈసారి నేను కౌంటర్ దగ్గర ప్రశ్నలు అడగకుండా, అనుమతి తీసుకుని మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు వార్డు వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ముందుగా గమనించింది వాసన లేకపోవడం. నోటి, రొమ్ము క్యాన్సర్ పుండ్ల నుంచి వచ్చే వాసన ఇంట్లో మాకు ఎంత తెలుసో చెప్పనక్కరలేదు. అలాంటి పుండ్లున్నవాళ్లు ఆ వార్డులో కనీసం ఆరుగురు ఉన్నారు. అగరొత్తులూ ఫినాయిలూ కాదు, సిస్టర్ మెట్రోనిడజోల్ (వాసన పుట్టించే క్రిములను చంపే మందు) మాత్రలను మెత్తగా నూరి పుండు మీద చల్లి కట్టు కడుతోంది. చవకైన మందే, చేయడానికి ఓపిక కావాలి. ప్రతి మంచానికీ కట్టిన కాగితంలో రెండు గంటలకొకసారి పక్క తిప్పిన వేళ, తిప్పిన వైపు, తిప్పినవారి సంతకం ఉన్నాయి. మార్ఫిన్ రిజిస్టరు అడిగితే ఇన్‌చార్జి సిస్టర్ చూపించింది. ఏ మాత్ర ఎవరికి ఏ వేళకు ఇచ్చిందీ, ఎన్ని మిగిలిందీ ప్రతి షిఫ్టు చివర ఇద్దరు లెక్కపెట్టి రాస్తారు.

నేను ప్రశ్నలు అడగడం ముగిశాక ఆమె ఒకటి అడిగింది: "ఆయనకు తన జబ్బు సంగతి తెలుసా అమ్మా? ఇక్కడికి రావడం ఆయనకు ఇష్టమేనా?" అంతకు ముందు చూసిన రెండు చోట్లా ఆ మాట ఎవరూ అడగలేదు. తెలుసునని, ఆయనే పంపించారని చెప్పాను. మంచం ఖాళీ కావడానికి అయిదు రోజులు పట్టింది. ఆ ఖాళీ ఎలా వస్తుందో తెలిసీ ఫోన్ కోసం ఎదురుచూడటం ఎంత కష్టమో రాయడం నాకు చేతకావడం లేదు.

చేర్చిన రోజు సాయంత్రం సిస్టర్ నన్ను వరండాలోకి పిలిచి, నాన్న మంచం కింది అరలో ముదురు ఆకుపచ్చ తువ్వాళ్లు నాలుగు పెట్టానని చెప్పింది. మెడలోని గడ్డ పెద్ద రక్తనాళం పక్కన ఉందనీ, అది చిట్లితే నిమిషాల్లో చాలా రక్తం పోతుందనీ, తెల్ల గుడ్డ మీద ఎర్రగా కనబడితే పేషెంటూ ఇంట్లోవాళ్లూ బెదిరిపోతారని ముదురు రంగువి వాడతామనీ, అలా జరిగితే నిద్ర వచ్చే ఇంజెక్షన్ ఇచ్చి తాను పక్కనే కూర్చుంటాననీ, నేను చేయవలసినది చేయి పట్టుకోవడం ఒక్కటేననీ నెమ్మదిగా చెప్పింది. అది చివరికి జరగలేదు. అయినా అయిదారు నెలల ఆసుపత్రి తిరుగుళ్లలో అంతటి నిజం నాతో మాట్లాడిన మనిషి ఆమెనే, ఆ రాత్రి చాలాకాలానికి నేను నిద్రపోయాను.

అక్కడా లోపాలు లేకపోలేదు. దుప్పట్లు ఉతికి రావడం ఆలస్యమయ్యేది. ఆదివారాలు డాక్టరు మధ్యాహ్నం దాటితే గాని వచ్చేవారు కాదు. నాన్న తన నోటుబుక్కులో ఇక్కడ కూడా లెక్క మొదలుపెట్టారు: గంట కొట్టిన వేళ, మనిషి వచ్చిన వేళ. చాలావరకు రెండు, మూడు, నాలుగు నిమిషాలు. నాలుగో రాత్రి ఒకచోట ఇరవై ఆరు నిమిషాలని ఉంది. నేను దాన్ని ఇన్‌చార్జి సిస్టర్‌కు కొంచెం కోపంగానే చూపించాను. ఆమె తన డ్యూటీ పుస్తకం తీసి చూసి, ఆ వేళకు పక్క వార్డులో ఒకరు పోయారనీ, ఇద్దరు నర్సులూ అక్కడే ఉన్నారనీ, అలాంటప్పుడు ఒకరు ఈ వార్డులో ఉండవలసిందనీ, అది తమ తప్పేననీ చెప్పి, నాన్న దగ్గరికి వెళ్లి, "పెద్దాయనా, నిన్న రాత్రి లేట్ చేసినం, మాఫ్ చేయండి" అన్నది. నాన్న తల ఊపి ఆ అంకె పక్కన టిక్కు పెట్టారు, చెకింగ్‌వాళ్లు సంతకం చేసినట్టు. తప్పు జరగని చోటు కోసం నేను వెతుకుతున్నంతకాలం మొదటి కేంద్రంలోని గాజు తలుపుల దగ్గరే తిరిగి ఉంటాను.

డల్లాస్‌లో ఉన్న అన్నయ్యకు ఇవేవీ తెలియవు. నాన్నకు ఆయాసం మొదలైన రోజు వీడియోలో చూసి, ఐసీయూకి ఎందుకు తీసుకెళ్లలేదని నా మీద అరిచాడు. డాక్టరు గారు నా ఫోన్ అడిగి తీసుకుని వరండాలో నలభై నిమిషాలు అన్నయ్యతో మాట్లాడారు. వెంటిలేటర్ వల్ల ఏమవుతుందో, ఏమవదో, ముక్కు గొట్టంలో పాలు తగ్గించడం కడుపు మాడ్చడం ఎందుకు కాదో, ఒక్కొక్కటీ చెప్పి, చివర "మీరు ఇప్పుడు టికెట్ తీసుకోండి" అన్నారు. అన్నయ్య వచ్చాడు. నాన్న పోవడానికి ముందు ఒక రాత్రంతా ఆయన పక్కన కూర్చోగలిగాడు. మేనత్త సూర్యాపేట నుంచి తులసి నీళ్లు తెచ్చింది. గొట్టంలో పోయకుండా దూది ముంచి పెదవులు తడపమని సిస్టర్ చూపించింది. వార్డులోంచి బయటికి వచ్చి మేనత్త నాతో అన్న మాట, "మంచిగ చూస్తున్రు" అని, అంతే.

నాన్న తెల్లవారుజామున పోయారు. ఫారం 4 (మరణ కారణం పత్రం) మీద డాక్టరు సంతకం, సీలు గంటలోపే చేతికి వచ్చాయి. ఆ కాగితం ఉండటం వల్ల ఇరవై ఒక్క రోజుల గడువులో జరగవలసిన మరణ నమోదుకు ఎవరి చుట్టూ తిరగవలసి రాలేదు. పదిహేను రోజులకు అక్కడి సిస్టర్ ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడిగింది. ఇంట్లో మిగిలిన మార్ఫిన్ ఏమైనా ఉందా, ఉంటే తెచ్చి ఇవ్వాలని కూడా చెప్పింది.

మర్నాడు తీసుకెళ్లాను. ఆమె స్ట్రిప్పును బల్ల మీద పెట్టి వేలితో తాకుతూ లెక్కపెట్టింది. పదకొండు. తర్వాత ఇంకొక సిస్టర్‌ను పిలిచి మళ్లీ లెక్కపెట్టించింది. పదకొండు. రిజిస్టరులో అంకె వేసి, వేళ రాసి, నా వైపు తిప్పి సంతకం పెట్టమన్నది. పెట్టాను.